అజాతశత్రువు అంటే శత్రువు లేనివాడా, పుట్టకముందే శత్రువా?

తమ్మిపువ్వు
మా తాతయ్య పోయి వచ్చే నెలకు ఏడాది. సంవత్సరీకానికి వచ్చే బంధువులకు పంచడానికి నాన్నగారు చిన్న స్మృతి సంచిక వేయిస్తున్నారు. అట్ట మీద తాతయ్య ఫోటో, దాని కింద పెద్ద అక్షరాల్లో "అజాతశత్రువు". నిన్న ప్రూఫులు ఇంటికి వచ్చాయి. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి చూసి, "అజాతశత్రువు కన్నతండ్రిని ఖైదులో పెట్టి చంపిన రాజు కదమ్మా, ముత్తాతగారి ఫోటో కింద ఆ పేరెందుకు?" అని అడిగింది. నాన్నగారు ఏమీ అనలేదు, కాగితాలు మడిచి లోపల పెట్టేశారు. అప్పటినుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

పదం సంగతి ఒకటి. రెండోది నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతోంది. అజాతశత్రువు తండ్రి, మగధ రాజు బింబిసారుడు బుద్ధుడికి వేణువనం ఇచ్చినవాడు, ఆప్తుడు. అతన్ని చంపిన కొడుకుకు బుద్ధుడి అస్థికల్లో వాటా దక్కింది. బుద్ధుడి బోధలు కూర్చడానికి భిక్షువులు జరిపిన సభ, మొదటి సంగీతి, జరిగింది కూడా అతని అండతోనే. తండ్రిని చంపిన చేతులు పెట్టిన అన్నం భిక్షువులు ఎలా తిన్నారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

కొండవీటి_గాలి
పదానికి ఏ దోషమూ లేదు. భారతంలో అది ధర్మరాజు పేరు. మనం ఆ మాట అన్నప్పుడు మనసులో ఉండేది ఆయనే, మగధ రాజు కాదు. సంచిక అలాగే వేయించండి.

పాతబడి
ధర్మరాజే కాదు, బృహదారణ్యకంలో గార్గ్యుడికి బ్రహ్మవిద్య చెప్పిన కాశీరాజు పేరు కూడా అజాతశత్రువే. ఎదురు నిలిచే శత్రువు ఇంకా పుట్టనివాడు అని అర్థం. రాజులకు అది గౌరవమైన పేరు. బింబిసారుడు కూడా కొడుక్కి ఆ అర్థంతోనే పెట్టుకొని ఉంటాడని నా నమ్మకం.

పాళీ అట్ఠకథలు, అంటే బౌద్ధ గ్రంథాల వ్యాఖ్యానాలు, మాత్రం దాన్ని తిరగేశాయి. బిడ్డ కడుపులో ఉండగానే తండ్రికి శత్రువు అవుతాడని జోస్యులు చెప్పారట, అందుకని పుట్టకముందే శత్రువు, అజాతశత్రువు. సమాసం ఒకటే, విగ్రహవాక్యం మారింది. జరిగిన ఘోరం చూశాక పేరుకు కొత్త అర్థం వెతుక్కున్నారు.

మల్లెపందిరి
మా తరగతిలో ఆ పేరుగల పిల్లవాడు ఉండేవాడు. మధ్యాహ్నం గంట కొట్టేలోపు ముగ్గురితో తగువు తెచ్చుకునేవాడు. "నీకు శత్రువులు పుట్టలేదురా, నువ్వే రోజూ కంటున్నావు" అనేవారు మా మాస్టారు.

నాగావళి
పాతబడి గారు చెప్పిన జోస్యం కథ చదివితే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. అట్ఠకథలో ఇంకా ఉంది. గర్భవతిగా ఉన్న కోసలదేవికి భర్త రక్తం తాగాలని వేవిళ్ళ కోరిక పుట్టిందట. రాజు తన ఒంటి రక్తం తీయించి ఇచ్చాడట. జోస్యులు చెప్పింది విని ఆ తల్లి ఉద్యానవనానికి వెళ్ళి కడుపు నలిపించుకొని గర్భం పోగొట్టుకోవాలని చూసింది. రాజు తెలుసుకొని ఆపించాడు. రాజగృహం దగ్గర మద్దకుచ్ఛి (కడుపు నలిపిన చోటు) అనే తోటకు ఆ పేరు అందుకే వచ్చిందంటారు.

మా తమ్ముడు పుట్టిన నక్షత్రం తండ్రికి గండమన్నారు. శాంతి జరిగేదాకా నాన్న వాడి ముఖం చూడలేదు. ఆ రోజున కూడా ముందు గిన్నెలో నూనె పోసి, అందులో వాడి నీడ చూశాకే ఎత్తుకున్నారు. ఇరవై ఏళ్ళపాటు ఇంట్లో ఏ గొడవ వచ్చినా ఎవరో ఒకరు ఆ నక్షత్రం ఎత్తేవాళ్ళు. నాన్నకు జ్వరం వస్తే వాడు గదిలోకి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడేవాడు. పుట్టకముందే శత్రువని ముద్ర వేసిన బిడ్డ ఎలా పెరుగుతాడో నేను చూశాను. అందుకే నాకు ఆ జోస్యం మీద కోపం, ఆ కుర్రవాడి మీద కాదు.

పాళీపాఠం
నాగావళి గారూ, మీ తమ్ముడి మాట చదివి కాసేపు ఆగిపోయాను. అయితే ఒక ఊరట ఉంది. వేవిళ్ళు, జోస్యం, కడుపు నలిపించుకోవడం, ఇవేవీ సుత్తాల్లో, అంటే బుద్ధుడి బోధల్లో, లేవు. అవి క్రీస్తుశకం 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడి కాలానికి స్థిరపడిన వ్యాఖ్యానాలు.

పాత పొర అయిన, భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో, చుల్లవగ్గ అనే భాగంలో, కథ చాలా పొడిగా ఉంటుంది. బుద్ధుడి సంఘంలోని భిక్షువు దేవదత్తుడు రాకుమారుడితో అంటాడు: పూర్వం మనుషులు చాలాకాలం బతికేవారు, ఇప్పుడు ఆయుష్షు తక్కువ, నువ్వు కుమారుడిగానే పోతావేమో, నువ్వు తండ్రిని చంపి రాజువు అవు, నేను బుద్ధుణ్ణి చంపి బుద్ధుణ్ణి అవుతాను. కుర్రవాడు తొడకు కత్తి కట్టుకొని పట్టపగలు అంతఃపురంలోకి జొరబడ్డాడు. బెదురుచూపులు చూసి మహామాత్రులు పట్టుకున్నారు. కుమారుణ్ణి, దేవదత్తుణ్ణి, భిక్షువులందరినీ చంపాలన్నారు కొందరు. భిక్షువుల తప్పేమీ లేదు, ఆ ఇద్దరినీ చంపితే చాలన్నారు కొందరు. ఎవరినీ చంపవద్దు, రాజు ఎలా చెబితే అలా చేద్దామన్నారు ఇంకొందరు. బింబిసారుడు మొదటివాళ్ళను కొలువు నుంచి తీసేశాడు, రెండోవాళ్ళ హోదా తగ్గించాడు, మూడోవాళ్ళను పైకి తెచ్చాడు. తరువాత కొడుకును పిలిచి "నన్నెందుకు చంపాలనుకున్నావు?" అని అడిగాడు. "రాజ్యం కావాలి" అన్నాడు వాడు. "రాజ్యమే కావాలంటే ఇదిగో, నీదే" అని ఇచ్చేశాడు.

అక్కడ ఆ తండ్రి ఒక్క తిట్టు తిట్టడు.

కొండవీటి_గాలి
అంటే దోషం దేవదత్తుడిదే అన్నమాట. మంచి ఇంట్లో చిచ్చు పెట్టాడు.

పాళీపాఠం
కాదు. రాజ్యం చేతికి వచ్చాక కూడా తండ్రిని బతకనివ్వలేదు కదా. దానికి దేవదత్తుడి బోధ చాలదు. సింహాసనం దిగిన రాజు ఊళ్ళో తిరుగుతుంటే ఎక్కినవాడికి నిద్ర పట్టదు, నాకు అర్థమైనంతలో అదే అసలు కారణం.

పెన్నానది
ఖైదులో ఏం జరిగిందో పెద్దగా తెలియనివాళ్ళ కోసం అట్ఠకథ చెప్పేది. తల్లికి తప్ప ఎవరికీ లోపలికి ప్రవేశం లేదు. ఆమె ఒడిలో అన్నం దాచి తెచ్చింది, అది ఆపారు. జుట్టులో దాచింది, అదీ ఆపారు. పాదరక్షల్లో దాచింది. చివరకు ఒంటికి చతుర్మధురమనే నాలుగు పదార్థాల తీపి పూసుకొని వస్తే రాజు దాన్ని నాకి బతికాడు. ఆమెనూ రానివ్వకుండా చేశాక కూడా ధ్యానంలో అటూ ఇటూ నడుస్తూ ఉత్సాహంగానే ఉన్నాడట. అప్పుడు మంగలిని పంపి అరికాళ్ళు కోయించాడు కొడుకు.

అదే రోజున అజాతశత్రువుకు కొడుకు పుట్టాడు, ఉదాయిభద్రుడు. ఆ కబురు వినగానే ఒళ్ళంతా పుత్రప్రేమ పాకింది. "నేను పుట్టినప్పుడు నాన్నకు కూడా ఇలాగే ఉండిందా?" అని తల్లి దగ్గరకు పరుగెత్తాడు. ఆమె చెప్పింది: నీ వేలికి కురుపు లేచి నువ్వు ఏడుస్తుంటే, కొలువులో ఉన్న మీ నాన్న నీ వేలు నోట్లో పెట్టుకున్నాడు. నోటి వేడికి కురుపు పగిలింది. నిన్ను వదలలేక ఉమ్మకుండా మింగేశాడు. విడిపించమని మనుషులు పరుగున వెళ్ళారు. అప్పటికే ప్రాణం పోయింది.

ఇది వ్యాఖ్యానమే కావచ్చు, పాళీపాఠం గారూ. నేను మాత్రం వదులుకోలేను.

పాతబడి
జైనులు ఇదే కథను వేరే దయతో చెప్పారు. వారికి ఇతను కూణికుడు, తండ్రి శ్రేణికుడు, తల్లి వైశాలి చేటకుడి కూతురు చెల్లణ. పశ్చాత్తాపంతో సంకెళ్ళు పగలగొట్టడానికి గొడ్డలి పట్టుకొని తానే పరుగెత్తాడు. గొడ్డలితో వస్తున్న కొడుకును చూసి, చంపడానికే వస్తున్నాడనుకొని, తండ్రి విషం మింగాడు. కురుపు వేలు అందులోనూ ఉంది. రెండు మతాలవాళ్ళూ ఆ వేలిని మరిచిపోలేదు.

తూర్పు ఆసియా బౌద్ధులైతే తల్లిని తలుచుకుంటారు. అమితాయుర్ధ్యాన సూత్రంలో ఆ తల్లి పేరు వైదేహి, ఆమె కూడా ఖైదీయే. ఆమె మీదకు కొడుకు కత్తి దూస్తే చంద్రప్రభుడనే మంత్రి, రాజవైద్యుడు జీవకుడు అడ్డుపడతారు.

తమ్మిపువ్వు
వేలి కథ మా అమ్మాయికి చదివి వినిపించాను. వెంటనే అడిగింది, "తరువాత వాళ్ళమ్మ ఏమైంది?" అని.

పెన్నానది
భర్త మీద దిగులుతో చనిపోయింది. ఆమె కోసల రాజు ప్రసేనజిత్తు చెల్లెలు. పెళ్ళిలో స్నానచూర్ణం ఖర్చులకని తండ్రి మహాకోసలుడు కాశీలో లక్ష ఆదాయం వచ్చే గ్రామం ఇచ్చాడు. మనవాళ్ళ పసుపు కుంకుమల కింద ఇచ్చే భూమి లాంటిది. చెల్లెలు పోయాక, తండ్రిని చంపినవాడికి ఆ గ్రామం ఎందుకని ప్రసేనజిత్తు వెనక్కి లాక్కున్నాడు. మేనమామకూ మేనల్లుడికీ యుద్ధం వచ్చింది. సంయుత్తనికాయంలో రెండు చిన్న సుత్తాలు దీని మీదే. మొదట మామ ఓడాడు. తరువాత మేనల్లుడు సజీవంగా చిక్కాడు. ఏ ద్రోహమూ చేయని నాకు ద్రోహం చేసినా, వీడు నా మేనల్లుడే కదా అని ఏనుగులు, గుర్రాలు, రథాలు, సైన్యం తీసుకొని ప్రాణంతో వదిలేశాడు. చివరకు తన కూతురు వజిరనిచ్చి, అదే కాశీ గ్రామాన్ని మళ్ళీ స్నానచూర్ణం కిందే ఇచ్చాడని జాతకకథ.

"జయం వేరం పసవతి, దుక్ఖం సేతి పరాజితో." గెలుపు పగను కంటుంది, ఓడినవాడు దుఃఖంతో పడుకుంటాడు. ధమ్మపదంలో ఉన్న ఈ గాథ ఆ యుద్ధం కబురు విన్నప్పటిదే.

గోదారి_గట్టు
ప్రసేనజిత్తు మేనల్లుణ్ణి వదిలాడు సరే, ఆయన సొంత కొడుకు మాటేమిటి? అది ఇంకా పెద్ద కథ. బుద్ధుడి వంశమైన శాక్యుల కన్యను పెళ్ళాడాలని ఆయన పట్టుబడితే, శాక్యులు కులగర్వంతో, మహానాముడికి నాగముండ అనే దాసివల్ల పుట్టిన వాసభఖత్తియను పంపారు. మోసం బయటపడకుండా మహానాముడు ఆమెతో కలిసి భోంచేస్తున్నట్టు నటించాడు. ఆమె కొడుకు విడూడభుడు పదహారో ఏట అమ్మమ్మ ఇంటికని కపిలవస్తు వెళ్ళాడు. అతను కూర్చున్న పీటను, వెళ్ళాక, ఒక దాసి "దాసిదాని కొడుకు కూర్చున్నది" అని తిడుతూ పాలూ నీళ్ళూ కలిపి కడిగింది. మరిచిపోయిన ఆయుధం కోసం వెనక్కి వచ్చిన సైనికుడు విన్నాడు. "నా పీట పాలతో కడగనీ, నేను రాజునయ్యాక వాళ్ళ గొంతు నెత్తురుతో కడుగుతాను" అన్నాడు విడూడభుడు. రాజయ్యాక శాక్యుల మీద దండెత్తి అన్నంత పనీ చేశాడు.

కొండవీటి_గాలి
ఒక పీట కడిగినందుకు వంశం మొత్తాన్ని నరకడమా? చంటిపిల్లల్ని కూడా వదల్లేదంటారు. ఇది ఉన్మాదం.

మెట్టపొలం
కొండవీటి_గాలి గారూ, "ఒక పీట" అనకండి.

నాకు తొమ్మిదేళ్ళు. నాన్నతో కలిసి కూలి డబ్బులు అడగడానికి ఒక ఇంటికి వెళ్ళాం. ఎండకు కళ్ళు తిరిగి నాన్న అరుగు మీద కూర్చున్నాడు. నిమిషం కూడా కాలేదు. మేము వీధి మలుపు తిరుగుతుంటే వెనక బకెట్టు చప్పుడు వినిపించింది. అరుగు కడుగుతున్నారు. నాన్న వెనక్కి చూడలేదు, నా తల తిప్పనివ్వలేదు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నా మెడ మీద ఉంది.

విడూడభుడు చేసింది నేను సమర్థించను. పిల్లల్ని చంపినవాడికి సమర్థన లేదు. కానీ ఆ పీట దగ్గరే కథ మొదలుపెట్టినవాళ్ళకు మనిషి సంగతి బాగా తెలుసు.

కొండవీటి_గాలి
మెట్టపొలం గారూ, నేను ఆ మాట తేలిగ్గా అన్నాను. తప్పు నాది. క్షమించండి.

పాళీపాఠం
మెట్టపొలం గారి మాటకు తోడుగా ఒకటి. జన్మరహస్యం తెలిశాక ప్రసేనజిత్తు తల్లీకొడుకులిద్దరి హోదా తీసేసి దాసీజనంలో కలిపాడు. బుద్ధుడు వెళ్ళి కట్టెలు ఏరుకునే ఆమె కొడుకు రాజైన కట్ఠహారి జాతకం చెప్పి, తల్లి పుట్టుక అడ్డు కాదని ఒప్పించి మళ్ళీ నిలబెట్టాడు. తన సొంత కులంవాళ్ళు చేసిన మోసమని తెలిసీ వాళ్ళ పక్షం మాట్లాడలేదు.

అదే బుద్ధుడు, విడూడభుడు దండెత్తినప్పుడు సరిహద్దులో, శాక్యుల వైపు, ఆకులు పలచగా ఉన్న చెట్టు కింద కూర్చున్నాడు. ఇటు దట్టమైన మర్రి నీడ ఉండగా అక్కడెందుకని అడిగితే, బంధువుల నీడ చల్లన అన్నాడు. మూడుసార్లు సైన్యం వెనక్కి తిరిగింది. నాలుగోసారి ఆయన వెళ్ళలేదు. శాక్యులు పూర్వజన్మలో నదిలో విషం కలిపారని, ఆ కర్మ ఆపడం సాధ్యం కాదని అట్ఠకథ చెబుతుంది. ఈ వివరణ నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. పసిపిల్లలకు ఏ నది, ఏ విషం?

గోదారి_గట్టు
తిరుగు దారిలో అచిరవతి ఇసుకలో పడుకున్న విడూడభుణ్ణి, అతని సైన్యాన్ని రాత్రి వరద ఎత్తుకుపోయిందని ముగింపు. అచిరవతి అంటే ఇప్పటి రాప్తి.

ప్రసేనజిత్తు చావు కూడా చెప్పుకోవాలి. చాడీలు విని ఆయన సేనాని బంధులుణ్ణి, అతని ముప్ఫై ఇద్దరు కొడుకులనూ చంపించాడు. ఆ బంధులుడి మేనల్లుడు దీర్ఘకారాయణుడినే తరువాత సేనానిగా పెట్టుకున్నాడు. రాజు కిరీటం, కత్తి అతని చేతికిచ్చి బుద్ధుడి గదిలోకి వెళ్ళాడు. బయటికి వచ్చేసరికి ఆ రాజచిహ్నాలు విడూడభుడి దగ్గర ఉన్నాయి. ఎనభై ఏళ్ళ ముసలి రాజు సహాయం కోసం మేనల్లుడి రాజగృహానికి బయలుదేరాడు. రాత్రి కోట తలుపులు మూశారు. బయట సత్రంలో పడుకొని తెల్లారేసరికి చనిపోయాడు. అంత్యక్రియలు అజాతశత్రువే చేశాడు. అంతకుముందు కత్తులు దూసుకున్న మామా అల్లుళ్ళు.

పాతబడి
శాక్యసంహారం మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. దీఘనికాయంలోని మహాపరినిబ్బాన సుత్తంలో, బుద్ధుడు పోయాక కపిలవస్తు శాక్యులు కూడా అస్థికల్లో వాటా అడిగారు, తీసుకున్నారు. అందరూ చచ్చిపోతే అడిగిందెవరు? 1898లో పిప్రాహ్వా స్తూపంలో పెప్పే తవ్విన భరిణె మీద బ్రాహ్మీ లిపిలో శాక్యుల పేరు ఉంది. ఆ శాసనాన్ని ఎలా చదవాలన్న దాని మీద పండితులు కొట్లాడుకున్నారు, ఫ్లీట్ అయితే అవి బుద్ధుడి బంధువుల అస్థికలన్నాడు. యుద్ధం జరిగి ఉండవచ్చు, కానీ ఒక్కరూ మిగలలేదన్నది కథకుల బాధ పెంచిన మాట.

మెట్టపొలం
అట్ఠకథే కొందరు మిగిలారంటుంది కదా. నోట గడ్డిపరక, రెల్లు పట్టుకున్నవాళ్ళను వదిలారని, వాళ్ళను గడ్డి శాక్యులు, రెల్లు శాక్యులు అన్నారని.

పాతబడి
అవును, మరిచాను. మంచి మాట గుర్తుచేశారు.

తమ్మిపువ్వు
అందరికీ ధన్యవాదాలు, కానీ నా రెండో ప్రశ్న మిగిలిపోయింది. ఆ అన్నం ఎలా తిన్నారు?

పాళీపాఠం
దానికి జవాబు సామఞ్ఞఫల సుత్తంలో ఉంది. వర్షాకాలం చివరి పున్నమి రాత్రి. అజాతశత్రువు మిద్దె మీద మంత్రులతో కూర్చొని, ఈ రాత్రి ఎవరి దగ్గరికి వెళితే మనసు తేటపడుతుంది అని అడుగుతాడు. ఆరుగురు గురువుల పేర్లు చెబుతారు, మౌనంగా ఉంటాడు. జీవకుడు తన మామిడితోటలో 1250 మంది భిక్షువులతో బుద్ధుడు ఉన్నాడంటాడు. ఏనుగుల మీద, కాగడాలతో బయలుదేరారు. తోట దగ్గరపడేకొద్దీ రాజుకు వణుకు పుట్టింది, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "జీవకా, నన్ను మోసం చేయడం లేదు కదా? శత్రువులకు పట్టి ఇవ్వడం లేదు కదా? అంతమంది ఉన్నచోట ఒక తుమ్ము లేదు, ఒక దగ్గు లేదేమి?" అన్నాడు. "భయపడకండి ప్రభూ, అవిగో మండపంలో దీపాలు" అన్నాడు జీవకుడు.

నిశ్శబ్దం చూసి కూడా భయపడే స్థితి అది. తండ్రిని చంపాక అతనికి మిగిలింది అదే.

కూర్చున్న సంఘాన్ని చూసి అతని నోట వచ్చిన మొదటి మాట: "నా కొడుకు ఉదాయిభద్రుడికి ఇలాంటి శాంతి దక్కితే బాగుండు." బుద్ధుడు అన్నాడు, "మహారాజా, నీ మనసు ప్రేమ ఉన్నచోటికి వెళ్ళింది."

బోధ విన్నాక, తండ్రిని చంపానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. తప్పును తప్పుగా చూశావు కనుక అంగీకరిస్తున్నామన్నాడు బుద్ధుడు. పాపం పోయిందని అనలేదు. అతను వెళ్ళాక భిక్షువులతో చెప్పాడు: ఈ రాజు తన వేరు తానే పెకలించుకున్నాడు, తండ్రిని చంపకపోయి ఉంటే ఈ ఆసనం మీదే ఇతనికి ధర్మనేత్రం తెరుచుకునేది. దానం పుచ్చుకున్నారు, మాట పుచ్చుకున్నారు, ఫలం మాత్రం ఇవ్వలేదు. ఇవ్వడం ఎవరి చేతిలోనూ లేదు.

నాగావళి
ఆ కొడుకు ఉదాయిభద్రుడే కదా తరువాత...

పాళీపాఠం
అవును. సింహళ చరిత్ర గ్రంథమైన మహావంశం లెక్కలో అతనే అజాతశత్రువును చంపి పదహారేళ్ళు ఏలాడు. అతన్ని కొడుకు అనురుద్ధుడు, అనురుద్ధుణ్ణి కొడుకు ముండుడు, ముండుణ్ణి కొడుకు నాగదాసకుడు చంపారు. ఇది తండ్రులను చంపే వంశమని జనం తిరగబడి, సుసునాగుడనే మంత్రిని గద్దె ఎక్కించారు.

పాతబడి
పురాణాల్లో ఆ వరస లేదు. శిశునాగుడే ముందు వస్తాడు, బింబిసారుడు తరువాత. జైనుల ఉదాయి అయితే తండ్రి పోయాడని ఏడ్చి, తండ్రి ఉన్న భవనాల వైపు చూడలేక రాజధాని మార్చుకున్నవాడు. అశోకుడు తొంభై తొమ్మిది మంది అన్నదమ్ములను చంపాడని కూడా ఆ సింహళ గ్రంథమే అంటుంది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదున్న అయిదో శాసనంలో అశోకుడు తన సోదరుల, అక్కచెల్లెళ్ళ ఇళ్ళ మంచిచెడ్డలు చూసే అధికారుల గురించి చెక్కించాడు. చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళకు అధికారులు ఎందుకు?

రాళ్ళబాట
రాజగిర్ వెళ్ళాను. గృధ్రకూటానికి (గద్దకొండకు) వెళ్ళే దారి పక్కన సుమారు 60 మీటర్ల చదరంగా రాతిగోడల పునాదులు మిగిలాయి. బింబిసారుడి జైలని చూపిస్తారు. మధ్యలో నిలబడి తల ఎత్తితే గద్దకొండ కనిపిస్తుంది. ఖైదు కిటికీలోంచి ఆ కొండ మీది బుద్ధుణ్ణి చూసుకుంటూ బతికాడని అక్కడివాళ్ళు చెబుతారు. గోడలు ఇప్పుడు మోకాలి ఎత్తు కూడా లేవు. మేకలు మేస్తున్నాయి.

తమ్మిపువ్వు
నిన్న రాత్రి ఈ చర్చ మొత్తం నాన్నగారికి చదివి వినిపించాను. వేలి దగ్గర ఒకసారి ఆపమన్నారు. పొద్దున్నే ప్రూఫులు తీసి "అజాతశత్రువు" కొట్టేసి, తన చేతిరాతతో ఇది రాసి ప్రెస్సుకు పంపారు:

"నాకు తేలు కుట్టిన రాత్రి తెల్లవార్లూ భుజాన వేసుకొని చెరువుగట్టు మీద తిరిగాడు. నాకు అయిదేళ్ళు. ఆయన ఏం పాట పాడాడో ఇంకా గుర్తుంది."

మా అమ్మాయి ఆ పాట నేర్పమని వాళ్ళ తాతయ్య వెంట పడింది.